వెనక్కి తిరగని ట్రాక్టరు

ధాన్యం బస్తాలతో మండపేట మిల్లుకు వెళ్తున్న ట్రాక్టరు కాలువగట్టు మీద తూము దగ్గర ఒక్క కుదుపు కుదిపింది. జగన్నాథరావు బండి ఆపి, దిగి, వచ్చిన దారినే వెనక్కి నడిచాడు. గట్టు వారనున్న తుంగలోకి తొంగి చూశాడు. నీళ్లలోకి చూశాడు. వంగి చక్రాలు తడిమాడు. బండి ఎక్కబోయి, మళ్లీ వెనక్కి వెళ్లాడు.

వెనకాల ఆగిన లారీ డ్రైవరు హారన్ కొట్టబోయి, మనిషిని గుర్తుపట్టి చెయ్యి తీసేశాడు. "జగన్నాథరావుగారురా! చీమని కూడా తొక్కరు ఆయన" అన్నాడు క్లీనరుతో, మెచ్చుకోలుగా.

ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చున్న రామతులసికి ఆ మెప్పు ముల్లులా గుచ్చుకుంది. భర్త తిరిగొచ్చి ఆమె మొహంలోకి చూశాడు.

"తులసీ, ఎవరికైనా తగిలిందంటావా?"

"ఎవరూ లేరండి. నేను చూశాను కదా."

"బాగా చూశావా?"

"బాగా చూశానండి. పోదాం పదండి."

ఊరంతా దాన్ని జాగ్రత్త అంది, మంచితనం అంది. అందులో అబద్ధమేమీ లేదు. కూలీ కాలికి కొడవలి గీసుకుంటే ఆ పూట అన్నం సయించని మనిషి జగన్నాథరావు. జబ్బు కూడా ఆ మెత్తని చోటే చూసి పట్టుకుంది. మొదట్లో కుదుపు వచ్చినప్పుడే దిగేవాడు. తర్వాత కుదుపు లేకపోయినా దిగాడు. ఇంటికొచ్చాక సైకిలేసుకుని మళ్లీ గట్టంతా వెతికి వచ్చేవాడు. తన భయం తెలివితక్కువదని ఆయనకూ తెలుసు. తెలిసినా అది వదిలేది కాదు. ఎన్నిసార్లు అడిగినా రామతులసి విసుక్కోకుండా "ఎవరూ లేరండి" అనేది. పెళ్లయిన నాటి నుంచి తనని ఒక్క మాట అనని మనిషికి ఆ మాత్రం ఊరట ఇవ్వకపోతే ఎలా అనుకునేది.

ఒకరోజు పొలానికని వెళ్లిన మనిషి తిన్నగా పోలీస్ స్టేషన్‌కు వెళ్లి, రెండు చేతులూ ముందుకు చాచాడు. "నన్ను అరెస్టు చెయ్యండి సార్. ఎవరినో గుద్దేశాను. శవం కాలువలో కొట్టుకుపోయుంటుంది."

హెడ్ కానిస్టేబుల్ ఎజ్రా ఆయన్ని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. చుట్టుపక్కల స్టేషన్లన్నిటికీ ఫోన్ చేశాడు. ఎక్కడా ఏ ప్రమాదమూ జరగలేదు. కబురందుకుని పరుగున వచ్చిన రామతులసితో మెల్లగా చెప్పాడు. "ఇది కేసు కాదమ్మా, ఏదో జబ్బులా ఉంది. ఆలస్యం చెయ్యకండి, మంచి డాక్టరుకి చూపించండి."

బావగారు చంద్రరావు మాత్రం ఒప్పుకోలేదు. ఆయనకి తమ్ముడంటే ప్రాణం, ఊళ్లో పరువంటే కూడా ప్రాణమే. "స్టేషన్ దాకా వెళ్లాడని ఎక్కడా అనకమ్మా. పిచ్చి డాక్టరు దగ్గరికెళ్లారని తెలిస్తే మన పిల్లలకి సంబంధాలెలా వస్తాయి? అన్నవరంలో వ్రతం చేయించుకోండి, అన్నీ సర్దుకుంటాయి."

అలాగే వెళ్లారు. సత్యనారాయణస్వామికి భక్తిగా మొక్కుకున్నారు. కొండ దిగుతుంటే జగన్నాథరావు కారు ఆపించి, ప్రసాదం చేత్తో పట్టుకునే రోడ్డు మీద వెనక్కి పరుగెత్తాడు. రామతులసి కళ్లు తుడుచుకుంది. 'స్వామి దయ చూపిస్తాడు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం మాత్రం నా పనే' అనుకుంది.

రాజమండ్రిలో మనోవైద్యురాలు శ్రీదుర్గ అంతా ఓపిగ్గా విన్నది.

"దీన్ని ఓసీడీ అంటామండి. తలుపు గడియ పెట్టాక 'పెట్టేశాను' అని మన మనసు ఒప్పుకుంటుంది కదా? ఈయనకి ఆ ఒప్పుకోలు రావట్లేదు. పిచ్చి కాదు, పాపమూ కాదు." తర్వాత రామతులసి వైపు తిరిగింది. "మీరు 'ఎవరూ లేరు' అన్న ప్రతిసారీ ఆయనకి కాసేపు హాయిగా ఉంటుంది. ఆ తర్వాత భయం ఇంకా ఆకలితో వస్తుంది. ఆ జవాబు మానెయ్యాలండి."

రామతులసి కుర్చీలో ముందుకు జరిగింది. "మనిషి అల్లాడిపోతుంటే చూస్తూ ఊరుకోమంటారా డాక్టరుగారూ?"

"పక్కనే కూర్చోండి. చెయ్యి పట్టుకోండి. జవాబు మాత్రం చెప్పకండి."

మందులు మొదలయ్యాయి. భయానికి ఎదురు నిలబడే సాధనా మొదలైంది. కొన్ని నెలలకు కొంత గుణం కనిపించింది కానీ జగన్నాథరావు ట్రాక్టరు ఎక్కలేకపోయాడు. అప్పుడు డాక్టరు ఇంకో దారి చెప్పింది. తలకి అయస్కాంత తరంగాలు పెట్టి, ఈ భయాన్ని తిప్పుతున్న మెదడు భాగాన్ని దారిలోకి తెచ్చే ప్రయత్నం చేస్తారట.

"తలకి కరెంటా!" సంగతి తెలిసి ఆసుపత్రికి వచ్చిన చంద్రరావు అదిరిపడ్డాడు. "మనిషి మొద్దయిపోతే?"

"షాక్ ట్రీట్‌మెంట్ వేరు, ఇది వేరండి. మత్తు ఇవ్వం, కొయ్యం. కుర్చీలో మెలకువగానే కూర్చుంటారు. కొంచెం తలనొప్పి రావచ్చు. ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, తలలో లోహపు ముక్కలేమైనా ఉన్నాయా అని ముందే చూసుకుంటాం. అందరికీ పనిచేస్తుందని నేను చెప్పను. కొందరికి బాగా పనిచేస్తుంది. మందులూ సాధనా మానకూడదు. మీ కళ్లతో మీరే చూడండి, రండి."

చంద్రరావు వెళ్లాడు. తమ్ముడి తలకి టోపీలాంటిది తొడిగి, చెవుల్లో రబ్బరు బిరడాలు పెట్టారు. భయం మేలుకుని ఉన్నప్పుడే వైద్యం అందాలని, మిషను మొదలుపెట్టే ముందు డాక్టరు కావాలనే తూము దగ్గరి కుదుపు గుర్తు చేసింది. జగన్నాథరావు మొహం పాలిపోయింది. "తులసీ, ఆ రోజు ఎవరూ..." అంటూ భార్య వైపు చూశాడు. రామతులసి పెదవి కొరుక్కుని ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. నోరు విప్పలేదు. ఆమె చేసిన కష్టమైన సేవ అదే. మిషను వడ్రంగిపిట్ట పొడిచినట్టు టకటకలాడింది. పూర్తవగానే జగన్నాథరావు లేచి, గుమ్మంలో బిగుసుకుని నిలబడిన చంద్రరావుని చూసి, "ఏంటన్నయ్యా, మిషను నీకు పెట్టినట్టు చెమటలు పట్టాయి?" అన్నాడు. చాలాకాలానికి అన్నదమ్ములు కలిసి నవ్వారు.

తొలి వారాల్లో మార్పేమీ కనపడలేదు. రామతులసి దిగులుపడుతూనే రోజూ బస్సెక్కించి తీసుకెళ్లింది. ఒక మధ్యాహ్నం తిరుగు ప్రయాణంలో బస్సు గోతిలో పడి ఎగిరింది. జగన్నాథరావు ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. మళ్లీ ఆ ప్రశ్నే అడుగుతాడనుకుంది ఆమె. కాసేపటికి ఆయన చేతిలోని జామకాయ కొరికి, సగం ఆమెకిచ్చాడు. "బాగా తియ్యగా ఉంది, తిను." ఆ కాయ తింటూ రామతులసి కిటికీ వైపు తిరిగి ఏడ్చింది.

భయం పూర్తిగా పోలేదు. ఇప్పటికీ అప్పుడప్పుడూ వస్తుంది, వచ్చి వెళ్లిపోతుంది. కానీ ఆ ఏడు రెండో పంట దాళ్వా కోతలకి, డాక్టరు సరేనన్నాక, జగన్నాథరావే ట్రాక్టరు తోలాడు. రామతులసినీ అన్ననీ వెంట ఎక్కించుకుని, ఎక్కడా దిగకుండా మిల్లు చేరాడు.

మిల్లు యజమాని సురేష్‌బాబు ఎదురొచ్చాడు. "ఏంటండీ, ఇన్నాళ్లూ కనపడలేదు?"

"ఒంట్లో కాస్త నలతగా..." అని చంద్రరావు అలవాటుగా అందుకున్నాడు.

"కాదండి," అన్నాడు జగన్నాథరావు. "ఓసీడీ అని మెదడుకి సంబంధించిన జబ్బు. రాజమండ్రిలో వైద్యం చేయించుకున్నాను. తలకి మిషను పెట్టారు. చాలా నయమండి."

కాటా దగ్గర హమాలీలు ఆగి విన్నారు. ఎవరూ నవ్వలేదు. సురేష్‌బాబు మాత్రం అన్నదమ్ములనీ రామతులసినీ పక్కకి తీసుకెళ్లి గొంతు తగ్గించాడు. "మా ఆవిడ పొద్దస్తమానం చేతులు కడుగుతూనే ఉంటుందండి. చర్మం చిట్లి రక్తం వస్తోంది. మేడ దిగట్లేదు. మడి అని అందరికీ చెబుతున్నాం. ఆ డాక్టరుగారి నంబరు ఇస్తారా?"

రామతులసి నంబరు చెప్పింది. చంద్రరావు సురేష్‌బాబు భుజం మీద చెయ్యి వేశాడు.

"పరువు పోతుందని నా తమ్ముణ్ణి నేనే ఆపానండి. వీడు ఒంటరిగా నలిగిపోవడమే మిగిలింది. మీరు ఆ పొరపాటు చెయ్యకండి. కాలు విరిగితే కట్టు కట్టించుకోడానికి సిగ్గుపడం కదా! మెదడూ ఒంట్లో భాగమే. దానికి జబ్బు చేస్తే దాచిపెట్టకుండా వైద్యం చేయించడమే ఇంటికి అసలైన పరువు."