బొటనవేలి తప్పు

గౌరీశంకర్ సార్ రెండు జవాబు పత్రాలను రోహిణి ముఖం మీదకి విసిరాడు.

"ఈ రెంట్లో దొంగెవురే?"

హిందీ మాట్లాడే ఊళ్లో, బిష్టుపూర్ బజారులో, బట్టల షాపు పైన ఆ కోచింగ్ క్లాసు. సార్ పాఠం హిందీలో చెబుతాడు. తెలుగు పిల్లల్ని తిట్టేటప్పుడు మాత్రం శ్రీకాకుళం తెలుగులోకి దిగుతాడు. తెలుగు రానివాళ్లకు కూడా ఆ తిట్లు అర్థమైపోతాయి.

రోహిణి పత్రాలు ఏరుకుంది. ఒకటి తనది, రెండోది తన వెనక బెంచీ కిషోర్‌ది. ఆరో లెక్క ఇద్దరికీ తప్పే. ఒకటే తప్పు. పైన x² + 1, కింద (x − 1)(x − 2). సమాకలనం చేయాలంటే ముందు దాన్ని చిన్న భిన్నాలుగా విడగొట్టాలి. పైన వేసే సంఖ్యలు A, B ఇద్దరికీ మైనస్ రెండు, ఐదు.

"ఆడు పేజీ నిండా స్టెప్పులేసినాడు. నీది ఒక్క లైను. కాపీ కొట్టినోళ్లకి స్టెప్పులెక్కడొత్తాయి? రేపట్నుంచి టాప్ బ్యాచ్‌కి రాకు."

ఆ బ్యాచ్‌లో చోటు కోసం రోహిణి ఏడాదంతా ఊరి చివర బిర్సానగర్ నుంచి ఆటోల్లో వేలాడుతూ వచ్చింది.

"నేను కొట్టనేదు సార్. బొటనేలితో చేసినాను."

క్లాసు గొల్లుమంది.

"అంగూఠా ఛాప్!" వేలిముద్ర మొద్దు అని కిషోర్ వెనకనుంచి అరిచాడు. "ఝూఠ్ బోల్ రహీ హై, సర్!" అబద్ధమాడుతోందట.

"బోర్డు మీద చెయ్యి," అన్నాడు సార్. "మేమూ చూత్తాం నీ బొటనేలు."

ఆమె లెక్క రాసింది. (x − 1)ని బొటనవేలితో మూసి, మిగిలినదాంట్లో x బదులు ఒకటి వేసింది. మైనస్ రెండు. (x − 2)ని మూసి, రెండు వేసింది. ఐదు. ఈ అడ్డదారి అంటే సార్‌కి ఒళ్లు మంట. ఆయన క్లాసులో రెండు వైపులా గుణకాలు సమానం చేయాల్సిందే.

అప్పుడు కనిపించింది తప్పు. పైనా x స్క్వేరే, కిందా x స్క్వేరే. ముందు భాగించాలి. భాగిస్తే విడిగా ఒక ఒకటి వస్తుంది. దాన్ని ఆమె వదిలేసింది. బొటనవేలు ఆ ఒకటిని చూపించదు. మరి సార్ పద్ధతి?

ఆమె చేతిలోని కిషోర్ కాగితం చూసి, గబుక్కున వెనక్కి తిరిగింది.

"నాది తప్పే సార్. కానీ మీ పద్ధతిలో చేస్తే ఈ తప్పు రాదు."

"ఏటీ?"

"కిషోర్ మూడో లైను చూడండి. A + B = 3 అని రాసినాడు. ఎడమేపు x² + 1 ఉంది. అందులో ఉత్త x నేదు. A + B సున్నా అవ్వాల. మూడెక్కణ్ణుంచి తెచ్చినాడు?"

పిల్లలంతా కిషోర్ వైపు తిరిగారు.

"సర్, వో... జల్దీ మే..." తొందరలో పొరపాటైందని కిషోర్ నసిగాడు.

"మైనస్ రెండూ ఐదూ కలిపితే మూడు. నా జవాబు చూసి ఎనక్కి స్టెప్పులల్లినాడు. ఎడమేపున్న x స్క్వేర్‌కి కుడేపు జతే నేదు సార్. నిజంగా చేసినోడు అక్కడే ఆగిపోవాల. ఈడు ఆగనేదు."

సార్ ఆ కాగితం లాక్కున్నాడు. చదివాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆ స్టెప్పులు చదవకుండానే తీర్పు చెప్పేశాడు మరి.

"కిషోర్! బ్యాగ్ తీసుకుని దిగు."

కిషోర్ పోతూ పోతూ రోహిణిని భుజంతో గుద్ది, నీ అంతు చూస్తానని బెదిరించాడు. "దేఖ్ లూంగా తుఝే."

"ఆడు కొట్టినాడని నీది ఒప్పయిపోద్దేటి?" సార్ ఆమె కాగితం మీద ఎర్ర సున్నా చుట్టాడు. కాగితం చిరిగేంత గట్టిగా. "ఇంకోపాలి ఆ ఏలు బోర్డు మీద కనబడితే నువ్వూ ఆడెనకే. కూకో."

ఆమె తన చోట్లోనే కూర్చుంది.

సార్ కొత్త లెక్క రాశాడు. పైన x³ + 1, కింద (x − 2)(x − 3). ఆయన చూపు ఆమె చేతుల మీదే ఉంది. రోహిణి సుద్ద అంటిన బొటనవేలిని పిడికిట్లో దాచుకుని, ముందు భాగించింది.