వరండా బల్ల మీద యథాతథస్థితి

నీటి సరఫరా ఆఫీసు గుమస్తాకి బదిలీ ఆర్డరు వచ్చిన రోజు ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. ఆరేళ్ల కూతురికి వినికిడి తక్కువ. చెవికి మిషను పెట్టించాక, సర్కారు బడి టీచరమ్మ ఎదురుగా కూర్చోబెట్టుకుని ఓపిగ్గా ఒక్కో మాటా పలికిస్తోంది. పిల్ల నోట ఇప్పుడిప్పుడే మాట పెగులుతోంది. వేసిన ఊరేమో కొండల అవతల. అక్కడ అలాంటి టీచరు లేదు.

"కోర్టుకెళ్లండి," అంది భార్య. ఆవిడ అన్నదంటే ఇక అప్పీలు లేదు.

లాయరు గట్టివాడే. తదుపరి విచారణ దాకా యథాతథస్థితి కొనసాగించాలని ఉత్తర్వు తెచ్చాడు. గుమస్తా ఎగిరి గంతేసి, తన కుర్చీలో కూర్చోబోయాడు. పెద్దసారు ఆపాడు. ఆయనకి కోర్టు అంటే చచ్చేంత భయం.

"నిన్ను ముందురోజే రిలీవ్ చేసేశాం కదయ్యా. అక్కడింకా చేరలేదు. ఉత్తర్వు వచ్చే వేళకి నువ్వెక్కడున్నావ్?"

"వరండాలో అండీ. బల్ల మీద కూర్చుని లాయరుగారి ఫోను కోసం చూస్తున్నాను."

"అదీ నీ స్థితి. అదే కొనసాగించాలి."

ఆనాటి నుంచి గుమస్తా పొద్దున వచ్చి బల్లెక్కుతాడు, సాయంత్రం దిగుతాడు. ఊడ్చే ఆమె బల్లని కాస్త జరిపితే పెద్దసారు పరుగున వచ్చి, నేల మీది బల్లకాళ్ల మరకలు చూసుకుని మళ్లీ సర్దించాడు. బిల్లు సంగతి అడిగిన ముసలాయనకి గుమస్తా జవాబు చెప్పబోతే, "నోర్ముయ్, పనిచేస్తే స్థితి మారిపోదూ," అని పెద్దసారు కసిరాడు. గుమస్తా అన్నీ దిగమింగుకున్నాడు. సాయంత్రం పిల్లని టీచరమ్మ దగ్గరికి తీసుకెళ్తున్నాడు, అది చాలు.

అంతలో టీచరమ్మకి బదిలీ అయింది. కొండల అవతలి ఊరికే.

నవ్వాలో ఏడవాలో తెలియక గుమస్తా పెద్దసారు కాళ్లమీద పడినంత పనిచేశాడు. "నన్నూ పంపించేయండి సార్. ఇవాళే వెళ్లి చేరతాను."

"బల్ల దిగి అక్కడ చేరావంటే కోర్టు ధిక్కారం. నీకేమయ్యా, గెలిచినవాడివి. జైలుకెళ్లేది నేను."

కేసు వెనక్కి తీసుకుంటామని లాయరు పిటిషన్ వేశాడు. అది విచారణకి వచ్చేలోపు జడ్జిగారికే బదిలీ అయింది. ఆయన మాత్రం ఏ కోర్టుకీ వెళ్లకుండా పెట్టే బేడా సర్దుకున్నాడు. కొత్తాయన ఎప్పుడొస్తాడో ఎవరికీ తెలియదు.

"మీ కోర్టు కోసం పిల్ల నోరు ఆగదు," అని భార్య కూతుర్ని తీసుకుని టీచరమ్మ వెంట వెళ్లిపోయింది. ఆవిడ చేసిందే సబబు. అది తెలిసి కూడా గుమస్తా చీకటిపడితే గానీ ఖాళీ ఇంటికి వెళ్లేవాడు కాదు. బల్లే నయమనిపించేది.

ఒక మధ్యాహ్నం బల్ల మీద ఉండగా ఫోను మోగింది.

"నాన్నా, ఎప్పు...డొస్తావు?"

కూతురు ఇన్ని మాటలు కలిపి అనడం అతను ఎప్పుడూ వినలేదు. ఉన్నమాటే చెప్పాడు.

"వాయిదా పడిందమ్మా."

కొత్త మాట వింటే తిరిగి అనాలని టీచరమ్మ నేర్పింది మరి.

"వా...యి...దా," అంది పిల్ల. మళ్లీ కూడబలుక్కుని, "వాయిదా," అంది. ఒక్క అక్షరం జారలేదు.

గుమస్తా చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు.

"బాగా వచ్చిందమ్మా," అన్నాడు. "ఇంకోసారి అను."