కొత్త ఫోనులోకి రాని రాతలు

బిలియానా మూకుడులో చేప ముక్కలు తిరగేస్తుండగా వెనక గ్లాసుల చప్పుడు ఆగిపోయింది. తిరిగి చూసింది. దున్యా చేతిలో తుడుస్తున్న గ్లాసు అలాగే ఉంది. పిల్ల కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ ఎదురుగా ఉన్న గోడని కూడా చూస్తున్నట్టు లేవు. ఎడమచేతి వేళ్ళు మాత్రం గౌను అంచుని పీకుతున్నాయి.

బిలియానా పొయ్యి తగ్గించి, పరుగెత్తకుండా దగ్గరికి వెళ్ళి, గ్లాసు కింద అరచెయ్యి పెట్టి నిలబడింది. అలాంటప్పుడు పిలవకూడదు, కుదపకూడదు. గోడ గడియారం ముల్లు వైపు చూస్తూ క్షణాలు లెక్కపెట్టింది. కాసేపటికి పిల్ల రెప్పలు కొట్టింది.

"ఏంటమ్మా?"

"ఏం లేదు. ఆ గ్లాసు అయిపోయింది, ఇటియ్యి. వెళ్ళి పిల్లలతో ఆడుకో."

పిల్ల లోపలి గదిలోకి వెళ్ళాక బిలియానా చేతులు కడుక్కుని ఫోను తీసింది. దున్యాకి ఇలా వచ్చిన ప్రతిసారీ వెంటనే రాసుకోవడం ఆమెకు అలవాటు. ఎప్పుడు వచ్చింది, అంతకుముందు పిల్ల ఏం చేస్తోంది, రాత్రి నిద్రపోయిందా, ఎంతసేపు ఉంది, ఏ చెయ్యి కదిలింది. ఫోను కొత్తది. పండుగ కానుకగా నిన్ననే నెబోయ్షా తెచ్చాడు. పాతదీ కొత్తదీ వేరువేరు కంపెనీలవి. రెండిటినీ పక్కపక్కన పెట్టి, మధ్య తీగ తగిలించి, అన్నీ వచ్చేశాయని అతను ఉత్సాహంగా చెప్పాడు. నిజంగానే ఫొటోలు వచ్చాయి, నంబర్లు వచ్చాయి, చనిపోయిన బిలియానా వాళ్ళమ్మ పంపిన సందేశాలు కూడా వచ్చాయి. బిలియానా నోట్స్ తెరిచింది. తెల్లటి పేజీ. ఇంకా ఏమీ రాయలేదని కింద చిన్న అక్షరాలు.

వెతికింది. మూసి మళ్ళీ తెరిచింది. చేప మాడుతున్న వాసన వచ్చేదాకా ఆమెకు పొయ్యి గుర్తు రాలేదు.

సోమవారం నోవీ సాద్ పట్నంలో పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఇప్పుడు వేస్తున్న మందుతో దున్యా బడిలో బల్ల మీదే నిద్రపోతోంది. అయినా ఆ చూపు ఆగిపోవడం తగ్గలేదు. మందు పెంచాలా, పూర్తిగా మార్చాలా అన్నది ఈసారి తేలుస్తానని ఆవిడ చెప్పింది. కిందటిసారి బిలియానా గుర్తున్నంత వరకూ చెబుతుంటే డాక్టరు కలం పక్కన పెట్టేసింది. తల్లి భయం ఉన్నదాన్ని ఎక్కువ చేస్తుందనీ, తండ్రి ధైర్యం తక్కువ చేస్తుందనీ, తనకు జ్ఞాపకాలు వద్దనీ, అప్పటికప్పుడు రాసినవి కావాలనీ చెప్పింది. అప్పటినుంచీ రాసినవన్నీ పాత ఫోనులో ఒకే చోట ఉన్నాయి. దున్యా ఆ ఫోనులో ఆటలు ఆడుకుంటుంది కాబట్టి, చదివి బెంగపడుతుందని, దానికి తాళం వేసిపెట్టింది.

నెబోయ్షా ఖాళీ జగ్గు పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. నికోలా పునీతుడు వాళ్ళ ఇంటిని కాపాడే పునీతుడు, ఇవాళ ఆయన పండుగ. మధ్యాహ్నం నుంచీ పిలవకుండానే చుట్టాలూ, ఇరుగుపొరుగూ వస్తూ పోతూ ఉన్నారు. అతను తెల్ల చొక్కాలో నిలబడి అందరికీ వైన్ పోస్తూనే ఉన్నాడు.

"పాత ఫోనేది?" అంది బిలియానా.

"పెద్దమ్మకిచ్చేశా. బస్సు దిగగానే. ఆవిడ ఫోను తెర పగిలిపోయిందిగా. ఎంత మురిసిపోయిందనుకున్నావ్."

"నా రాతలు రాలేదు."

"అన్నీ వచ్చాయి. నేను చూశాగా."

"ఫొటోలు వచ్చాయి. దున్యావి రాలేదు. తాళం వేసినందుకు రాలేదేమో. ఇప్పుడు కూడా వచ్చింది దానికి. ఇక్కడే. రాద్దామని తెరిస్తే ఏమీ లేదు."

నెబోయ్షా లోపలి గది వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. ఇవాళ ఆ మాట ఎత్తొద్దన్నాడు. పిల్లలందరికీ పరధ్యానం ఉంటుందని, డాక్టర్లు ఊరికే పేరు పెడతారని ఎప్పుడూ అనేదే మళ్ళీ అన్నాడు. పెద్దమ్మ ఊరికి వెళ్ళాక మెల్లగా ఫోన్ చేసి, ఏదో ఒకటి చెప్పి తెప్పిస్తానన్నాడు. అమ్మ పోయాక తనను పెంచిన మనిషికి పండుగ పూట చేతిలో పెట్టిన కానుకని, పండుగ అవకముందే లాక్కోవడం తన వల్ల కాదన్నాడు.

అప్పుడే లోపలినుంచి వ్లాదా గొంతు వినిపించింది. వ్లాదా దున్యాకి జ్ఞానతండ్రి, బాప్తిస్మమప్పుడు ఎత్తుకున్నవాడు. ఏ ఇంట్లో ఏ యంత్రం చెడినా తానే బాగుచేయాలనుకుంటాడు. ఆ ఇంట్లో అతని మాటకి అడ్డు చెప్పే అలవాటు ఎవరికీ లేదు.

"ముందు దీన్ని శుభ్రంగా తుడిచెయ్యాలి పెద్దమ్మా. లేకపోతే మా చెల్లెమ్మ ఎవరితో ఏం మాట్లాడిందో అంతా మీకు తెలిసిపోతుంది."

"తెలిస్తే మంచిదేగా," అంటోంది రుజిత్సా పెద్దమ్మ. "ఇంట్లో నాకు టీవీ తప్ప దిక్కులేదు."

అందరూ నవ్వారు.

"ఆపు అతన్ని," అంది బిలియానా.

"ఏం చెప్పి ఆపను?"

"ఏదో ఒకటి చెప్పు. ఫొటో ఒకటి మర్చిపోయామని చెప్పు."

నెబోయ్షా నోరు తెరిచేలోగా తలుపు గంట మోగింది. ఈ పండుగనాడు ఇంటాయనే తలుపు తీయాలి. అతను జగ్గు అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు. తలుపు తీయడం అతనికి తేలికైన పనిగా దొరికిందని అతని నడకలోనే తెలిసింది.

వచ్చింది పై అంతస్తు దంపతులు. వచ్చిన వాళ్ళకి ముందు తీపి గోధుమల పళ్ళెం పట్టడం ఇంటావిడ పని. బిలియానా పళ్ళెం, చెంచాలు, నీళ్ళ గ్లాసులు పట్టుకుని ముందుగదిలోకి నడిచింది. బల్ల మధ్య పొడుగాటి కొవ్వొత్తి వెలుగుతోంది. కిటికీ పక్కన గోడకున్న పునీతుడి పటం కింద, ప్లగ్గు దగ్గర, ఆమె పాత ఫోను తీగకు తగిలించి ఉంది. చార్జింగు చాలక అది తుడుచుకోవడానికి ఒప్పుకోవడం లేదట. కాస్త తాగనిద్దామని వ్లాదా చెబుతున్నాడు.

పై అంతస్తావిడ శిలువ గుర్తు వేసుకుని చెంచాతో గోధుమలు తీసుకుంది. వాల్‌నట్లు ఎక్కడ కొన్నావని అడిగింది. బిలియానా ఏదో చెప్పింది. వ్లాదా లేచాడు. పై అంతస్తావిడ, నా గోధుమలు ఎప్పుడూ ముద్దయిపోతాయి, నువ్వు నీళ్ళు వంచేసి గుడ్డ మీద ఆరబెడతావా అని అడిగింది. బిలియానా తల ఊపింది. వ్లాదా వంగి ఫోను తీసుకున్నాడు. తెర వెలుగు అతని గడ్డం మీద పడింది. నెబోయ్షా అతని పక్కనే నిలబడి గ్లాసులో వైన్ పోస్తున్నాడు.

"ఇదిగో, ఒప్పుకుంది," అన్నాడు వ్లాదా. "అంతా తుడిచెయ్యనా అని అడుగుతోంది. నొక్కనా పెద్దమ్మా?"

పై అంతస్తాయన అప్పుడే చెంచా అందుకోబోతున్నాడు. బిలియానా పళ్ళెం అతని ముందునుంచి తీసి బల్ల మీద పెట్టేసింది. ఆయన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"నొక్కకు వ్లాదా అన్నయ్యా. అది అక్కడ పెట్టు."

ఆమె గొంతు పెద్దదేమీ కాదు. అయినా గదిలో మాటలన్నీ ఆగాయి. వ్లాదా నవ్వబోయి, ఆమె ముఖం చూసి, ఫోను బల్ల మీద పెట్టాడు.

రుజిత్సా పెద్దమ్మ కళ్ళజోడు పైకి జరుపుకుంది.

"ఏమైంది కోడలా? వెనక్కి కావాలా ఏంటి?"

"ఒక్క పది నిమిషాలు ఇవ్వండి పెద్దత్తయ్యా. మళ్ళీ మీకే ఇచ్చేస్తా."

"ఇచ్చింది మళ్ళీ అడగడం మా ఇంట్లో నేనెప్పుడూ చూళ్ళేదు." పెద్దావిడ ఫోనుని తన వైపుకి లాక్కోలేదు, ముందుకీ తొయ్యలేదు. "మనసులో లేకపోతే ముందే ఇవ్వకుండా ఉండాల్సింది. నా పగిలిన ఫోను నాకు బాగానే ఉంది."

"పెద్దమ్మా, అదేం కాదు, ఏదో వంటకం రాసుకుందట," అన్నాడు నెబోయ్షా.

బిలియానా అతని వైపు చూసింది. అతను వైన్ జగ్గు వైపు చూస్తున్నాడు. ఈ అబద్ధం పట్టుకుని ఫోను తీసుకోవచ్చు. అందరూ నవ్వేసి ఊరుకుంటారు. కానీ వంటకం అయితే తర్వాత ఫోనులో చదివి చెబుతానంటుంది పెద్దావిడ, వ్లాదా తుడిచేస్తానంటాడు, మళ్ళీ ఇంకో అబద్ధం కావాలి. సోమవారం ఎంతో దూరం లేదు.

"వంటకం కాదు," అంది. "దున్యాకి మూర్ఛ వస్తోంది పెద్దత్తయ్యా. పడిపోదు. ఉన్నట్టుండి ఆగిపోతుంది, కాసేపు ఎక్కడికో వెళ్ళిపోతుంది. ఎప్పుడెప్పుడు వచ్చిందో అన్నీ ఇందులోనే రాశాను. అవి కొత్త ఫోనులోకి రాలేదు. అవి లేకుండా వెళ్తే డాక్టరు నా మాట వినదు."

పై అంతస్తావిడ చెంచా నీళ్ళ గ్లాసులో వేసింది. ఆ చిన్న చప్పుడు అందరికీ వినిపించింది. నెబోయ్షా మెడ ఎర్రబడింది.

పెద్దావిడ ఫోను ఎత్తి, తీగ ఊడదీసి, రెండు చేతులతో బిలియానాకి అందించింది.

తెర మీద నోట్స్ ఉన్నాయి. తాళం గుర్తు ఉంది. బొటనవేలు పెట్టింది. ఒప్పుకోలేదు. ఫోను పెద్దమ్మకిచ్చే ముందు నెబోయ్షా అందులోంచి బిలియానా వేలిముద్ర తీసేశాడు. సంకేతపదం అడుగుతోంది. బొటనవేలితోనే తెరుస్తూ వచ్చింది కాబట్టి ఎప్పుడో పెట్టిన ఆ మాట నాలుక చివరికి కూడా రావడం లేదు. దున్యా పుట్టిన రోజు కొట్టింది. తప్పు. తన ఇంటిపేరు కొట్టింది. తప్పు. ఇంకొన్నిసార్లు తప్పితే చాలాసేపు తెరుచుకోదని కింద వచ్చింది.

"నిదానంగా," అన్నాడు వ్లాదా. అతని గొంతులో ఇప్పుడు సరదా లేదు. "ఎక్కడ కూర్చుని పెట్టావో గుర్తు తెచ్చుకో. ఎక్కడున్నావో గుర్తొస్తే ఏం కొట్టావో అదే వస్తుంది."

ఆసుపత్రి వరండాలో. చెక్క బెంచీ. దున్యా ఒళ్ళో తలపెట్టుకుని నిద్రపోతోంది. ఎదురుగా గోడ మీద ఎవరో పిల్లాడు గీసిన బొమ్మ, గొడుగు పట్టుకున్న ముళ్ళపంది. బిలియానా ముళ్ళపంది అని కొట్టింది.

తెరుచుకుంది. పైనుంచి కింది దాకా ఆమె వేలు జరిపింది. అన్నీ ఉన్నాయి.

పంపే గుర్తు నొక్కి తనకే పంపుకుంది. కొత్త ఫోనులో ఓ బూడిదరంగు గడి వచ్చింది. నొక్కితే దీన్ని తెరవడం రాదంది. మళ్ళీ పంపింది. మళ్ళీ అదే గడి.

"అలా పంపితే ఆ కంపెనీ సంచీలో కట్టి పంపుతుంది చెల్లెమ్మా, ఈ కంపెనీకి ఆ ముడి విప్పడం రాదు," అన్నాడు వ్లాదా. "సంచీ వద్దు. అక్షరాలు మాత్రం తియ్యి. మొదటి మాట మీద వేలు నొక్కిపెట్టు. అన్నీ ఎంచుకో. కాపీ చెయ్యి. ఇప్పుడు ఖాళీ మెయిల్ ఒకటి తెరిచి అందులో దించెయ్యి."

చెప్పినట్టే చేసింది. కొత్త ఫోను బల్ల మీద గుర్రుమంది. తెరిచింది. మొదటి వరుస చూసింది, మధ్యలో చూసింది, చివరి వరుస చూసింది. అన్నీ వరసగా, తాను రాసినట్టే ఉన్నాయి. వాటిని కొత్త నోట్స్‌లో దించి, మూసి, మళ్ళీ తెరిచి చూసుకుంది. అప్పుడు కుర్చీలో కూర్చుంది.

పై అంతస్తాయన తనంతట తానే చెంచా తీసుకుని గోధుమలు నోట్లో వేసుకున్నాడు. ఎవరో బల్ల మీద పళ్ళేలు సర్దడం మొదలుపెట్టారు. ఇప్పుడు అందరూ ఒకేసారి ఏదో ఒక మాట మాట్లాడబోతున్నారని బిలియానాకి అర్థమైంది. జాలి మాటలు, తెలిసిన డాక్టర్ల పేర్లు. వాటికంటే ముందు రాయాల్సింది రాసేద్దామని ఫోను దగ్గరికి తీసుకుంది.

"ఇవాళ్టిది రాస్తున్నావా?" అంది రుజిత్సా పెద్దమ్మ.

"అవును. ఇందాక వంటింట్లో వచ్చింది."

"దాని కంటే ముందుది రాయి. పొద్దున చర్చిలోది."

బిలియానా తల ఎత్తింది. పొద్దున ఆమె చర్చికి వెళ్ళలేదు. బీన్సు పొయ్యి మీద ఉన్నాయని ఇంట్లోనే ఉండిపోయింది. తండ్రీ కూతురూ పెద్దావిడని బస్టాండులో ఎక్కించుకుని, పండుగ రొట్టె కోయించడానికి వెళ్ళారు.

"మా పెద్ద తమ్ముడు పావ్లేకి ఇదే ఉండేది," అంది పెద్దావిడ. "అప్పట్లో దానికి పేరు కూడా పెట్టలేదు. మొద్దు అని కొట్టేవాళ్ళు. ఆ చూపు నాకు తెలుసు. ఫాదరు రొట్టె కోశాక వచ్చింది పిల్లకి. నేను చూశాను. అడుగుదామంటే, చెప్పనిది ఎలా అడగనని ఊరుకున్నా."

బిలియానా రాయడం మొదలుపెట్టింది. చర్చిలో, రొట్టె కోశాక.

"కోశాక కాదు," అన్నాడు నెబోయ్షా.

ఇంకా జగ్గు పట్టుకునే ఉన్నాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చుట్టూ చూసి, కిటికీ గట్టు మీద పెట్టాడు.

"కోయక ముందు. రొట్టె చుట్టూ చేతులు పెట్టి తిప్పుతాం కదా, అప్పుడు. దాని చెయ్యి వదిలేసింది. రొట్టె నా వైపుకి ఒరిగింది. పడిపోతుందని దాని చేతి మీద నా చెయ్యి వేసి నొక్కి పట్టుకున్నా."

బిలియానా రాసిన మాట చెరిపేసింది. నాకెందుకు చెప్పలేదని అడగడానికి నోరు తెరిచి, అడగలేదు. అది తర్వాత. డాక్టరు అడిగేవి వేరే ఉన్నాయి.

"ఎంతసేపు?"

"ఫాదరు రొట్టె తిప్పుతూ పాడే పాట అయ్యేదాకా."

"ఏ చెయ్యి వదిలింది?"

"ఎడమది."

"కళ్ళు?"

లోపలి గదిలో పిల్లలు దేనికో పోట్లాడుకుంటున్నారు. వాళ్ళ మధ్య దున్యా గొంతు స్పష్టంగా వినిపిస్తోంది.

"నా వైపే ఉన్నాయి," అన్నాడు. "నేను దున్యా అని పిలిచా. రెండుసార్లు పిలిచా. నన్ను చూడలేదు."

బిలియానా ఆ మాటలు ఒక్కటీ మార్చకుండా రాసుకుంది.