శవాల సీసాలో రెక్కలు

జర్మనీలోని మా ట్యూబింగెన్‌లో ఊడ్పు వంతు అంటే ఆషామాషీ వ్యవహారం కాదు. ఇంటి మెట్లయినా, ప్రయోగశాల అయినా, ఆ వారం ఎవరి వంతయితే వాళ్లు శనివారం లోపల శుభ్రం చేసి తీరాలి. పండు ఈగల మీద ప్రయోగాలు చేసే మా ఈగల గదిలో ఇంకో పని కూడా ఉంటుంది. చూడటం అయిపోయిన ఈగల్ని ఒక స్పిరిట్ సీసాలో పడేస్తాం. దాన్ని శవాల సీసా అంటాం. వంతు ఉన్నవాళ్లు దాన్ని ఖాళీ చేయాలి.

ఆ వారం వంతు నా పక్క బల్ల గుద్రూన్‌ది. శనివారం మధ్యాహ్నం వచ్చి చూస్తే సీసా మూతిదాకా ఈగలే. నాకు ఒళ్లు మండింది.

"ఏమే, ఈ కంపంతా ఎవరి కోసం దాచావ్?"

"సోమవారం నుంచి ఈ బల్లే నాది కాదు. ఇంకా వంతులేంటి?" అంది, తన సామాను అట్టపెట్టెలో సర్దుకుంటూ.

నా కోపం సగం దిగిపోయింది. రెండేళ్లుగా గుద్రూన్ ఒకే ప్రశ్న పట్టుకుని వేలాడుతోంది. పండు ఈగ ఇంకా పురుగుగా ఉన్నప్పుడే లోపల దాని రెక్క మొదలవుతుంది. అక్కడి కణాలు 'రెక్కవి కా' అని ఒకదానికొకటి కబురు పంపుకుంటాయి. ఒక జన్యువు పోయిందంటే ఇక రెక్కే రాదు. మరి ఆ జన్యువు పని కబురు చెప్పడమా, వినడమా? అది తేల్చడానికి ఆమె మంచి రెక్కల్లో అక్కడక్కడా ఆ జన్యువు లేని మచ్చలు పుట్టించాలని చూసింది. మచ్చ పడిన చోట వెంట్రుకలు పసుపుగా వస్తాయి. రెక్క కూడా అక్కడ చెడుతుందని అందరి నమ్మకం. కానీ చెడిన రెక్క ఒక్కటీ దొరకలేదు. మచ్చలే పడటం లేదని మా ప్రొఫెసర్ ఐకెన్‌బర్గ్ తేల్చేసి, ఆ బల్ల కొత్త విద్యార్థికి ఇచ్చేశారు. గుద్రూన్‌కి ఇక డాక్టరేట్ లేనట్టే.

"పోయేముందు సీసా కడిగి పో," అన్నాను. జాలి చూపిస్తే ఏడుస్తుందని గట్టిగానే అన్నాను.

"నీకు గుండె ఉండాల్సిన చోట చీపురుంది, రోస్విథా!"

గొణుగుతూనే టీ జల్లెడలో ఈగల్ని వడకట్టింది. పారబోయబోతూ ఆగింది.

"పాపం, చివరిసారి మొహాలు చూసి సాగనంపుతా," అని చిటికెడు తీసి పెద్ద మైక్రోస్కోపు కింద పెట్టింది.

మామూలుగా ఈగల్ని చిన్నదాని కిందే గబగబా చూస్తాం. అందులో వెంట్రుకల రంగు తెలియదు. చెడిన రెక్క కనబడితేనే పెద్దదాని కిందికి తీసుకెళ్తాం. బాగున్నవన్నీ నేరుగా సీసాలోకే. ఈగల వాళ్లందరికీ అదే అలవాటు.

"ఇలా రావే. తొందరగా!"

చూశాను. రెక్క అంచున పసుపు వెంట్రుకలు వరుసగా ఉన్నాయి. రెక్క మాత్రం ఎక్కడా చెక్కు చెదరలేదు.

"మచ్చ పడిందిగా మరి," అన్నాను. "అయినా చెడలేదేంటి?"

"వాటికి చెప్పడం రాదంతే, వినడం వచ్చు! పక్క కణాలు చెప్పింది విని అవీ రెక్కయిపోయాయి." ఇంకో చిటికెడు తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. "జన్యువు పని కబురు చెప్పడమేనే. నేనేమో చెడినవాటి కోసం వెతుకుతూ జవాబుని స్పిరిట్‌లో ముంచాను."

చీకటి పడేదాకా ఇద్దరం ఆ సీసానంతా గాలించాం. అలాంటివి చాలానే దొరికాయి. వంతు ఎగ్గొట్టినందుకు నేను జీవితంలో ముద్దు పెట్టుకున్న మనిషి గుద్రూన్ ఒక్కతే.

సోమవారం ప్రొఫెసర్ కొత్త విద్యార్థిని వెంటబెట్టుకుని వచ్చారు. గుద్రూన్ ఆ ఈగలున్న పళ్లెం ముందుకు తోసింది. ఆయన వాటిని పెద్ద మైక్రోస్కోపు కింద ఒక్కొక్కటే చూశారు.

"వీటినెందుకు పారేశావమ్మా?"

"బాగున్నాయని, ప్రొఫెసర్ గారూ."

ఆయన కన్ను మైక్రోస్కోపు మీద నుంచి తీయకుండానే కొత్త విద్యార్థితో అన్నారు: "నీకు పై అంతస్తులో చోటు చూద్దాం. ఈ అమ్మాయి ఇదంతా మళ్లీ చేసి చూపించాలి. తనకి ఈ బల్ల కావాలి."

గుద్రూన్ అట్టపెట్టె విప్పడం మొదలుపెట్టింది.