ఆరు వచ్చి పద్దెనిమిది పోతే

నా చెక్కల మిల్లులో నాకు తెలియకుండా రంపంపొట్టు కూడా గుమ్మం దాటదు. అలాంటిది నా కళ్ళకే గంతలు కడతాడా ఆ ఎలక్ట్రీషియన్?

పరాయివాడు కూడా కాదు. ఏళ్ళ తరబడి ఇక్కడే పని. నేను పెంచిన మేనకోడల్ని ఇస్తానని మాట కూడా ఇచ్చాను. మొన్న రంపం మోటారు పక్కన కెపాసిటర్ అని ఓ డబ్బా బిగించి, "ఇక మెయిన్ లైను మీద భారం తగ్గుతుందండీ" అన్నాడు. ఊరికే ఎలా తగ్గుతుంది? అప్పుడే నాకు తేడా కొట్టింది.

అతను బయటికెళ్ళింది చూసి క్లాంప్ మీటరు తీశాను. వైరుకి తగిలిస్తే ఎన్ని ఆంపియర్లో చూపిస్తుంది. మోటారు వైరులో పది. డబ్బా వైరులో ఎనిమిది. మెయిన్ వైరులో ఆరంటే ఆరే! ఆరు వచ్చి పద్దెనిమిది పోతే, మిగతా పన్నెండూ ఆకాశం నుంచి ఊడిపడ్డాయా? పక్కింటి ఐసు గోడౌను లైను మా గోడని రాసుకునే పోతుంది. అందులోంచి లాగాడన్నమాట! ఒళ్ళు మండిపోయింది. అడిగితే జాగ్రత్తపడతాడని, అతన్ని అడక్కుండానే కరెంటాఫీసుకి ఫోన్ చేసి దొంగ కనెక్షన్ ఉందని చెప్పేశాను.

మేనకోడలు ఎలక్ట్రికల్ డిప్లొమా చదువుతోంది. వినగానే ముఖం పాలిపోయింది.

"అయ్యో అత్తా! అతని లైసెన్సు పోతుంది!"

"పోనీ. దొంగకి పిల్లనిస్తానా?"

అది సుద్దముక్క తీసి, ఓ చెక్క పలక మీద అడ్డంగా గీత గీసింది. "ఇది వోల్టేజి. మోటారు కరెంటు దీనికన్నా వెనకబడి ఊగుతుంది. కెపాసిటర్‌ది ముందుగా ఊగుతుంది. అందుకే ఉత్త అంకెలు కలపకూడదు, బాణాలుగా గియ్యాలి. వీటినే ఫేజర్లంటారు." ఆంపియరుకి అంగుళం చొప్పున, మోటారుకి పదంగుళాల బాణాన్ని గీత మొదలు నుంచి కిందికి వాల్చి గీసింది.

"ఎంత వాల్చాలో నీకెవరు చెప్పారే? అతనేనా?"

"మోటారు మీది రేకు చెప్పింది. పవర్ ఫ్యాక్టర్ దానిమీదే రాసుంటుంది." ఆ బాణం కొస నుంచి కెపాసిటర్ బాణాన్ని నిట్టనిలువుగా పైకి ఎనిమిదంగుళాలు గీసింది. అది సరిగ్గా అడ్డగీత మీదకొచ్చి ఆగింది. గీత మొదలు నుంచి అక్కడికి స్కేలు పెట్టింది. ఆరంగుళాలు.

"సుద్దముక్క నీ చేతిలో ఉంటే ఏమైనా వస్తుంది" అన్నాను. ఆ కుర్రాడంటే దానికి ప్రాణం మరి!

"అయితే డబ్బా తీసేసి చూద్దాం. మెయిన్‌లో పది రావాలి."

డబ్బా విడదీసి మోటారు వేసింది. అంకె ఒక్కసారిగా నలభై దాటింది. "దొరికాడు!" అని అరిచాను.

"మోటారు లేచేటప్పుడు అలాగే ఉంటుంది. కుదురుకోనీ అత్తా, బాణాల లెక్క కుదురుకున్న కరెంటుకే."

కుదురుకుంది. పది.

ఫిర్యాదు వెనక్కి తీసుకుందామని ఫోన్ కోసం పరిగెత్తాను గానీ, అప్పటికే గేటు దగ్గర కరెంటాఫీసు జీపు ఆగింది. వెనకే ఎలక్ట్రీషియనూ వచ్చాడు. ఇన్‌స్పెక్టరు గోడలన్నీ తడిమి, డబ్బా మళ్ళీ కలిపించి కొలిచి, "పని శుభ్రంగా ఉంది. ఈ ఫిర్యాదు చేసిన మహానుభావులెవరు?" అన్నాడు.

"నేనే" అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

జీపు వెళ్ళగానే ఆ కుర్రాడి దగ్గరికెళ్ళాను.

"బాబూ, పొరపాటైపోయింది. భోజనం చేసి వెళ్ళు."

"నన్నొక్క మాట అడిగుంటే చెప్పేవాణ్ణి కదండీ" అన్నాడు. తర్వాత తన సంచి తెచ్చి నా బల్ల మీద బోర్లించాడు. స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయరు, టేపు చుట్ట ఒక్కొక్కటే నా ముందుకి జరిపాడు. అన్నం గిన్నె మూత కూడా తీసి చూపించాడు.

"చూసుకోండమ్మా. మీవేవీ లేవు. రేపు మళ్ళీ అనుమానం రాకూడదు."

ఆపమని చెయ్యి అడ్డం పెట్టాను. మేనకోడలు నా చెయ్యి పక్కకి తీసి, సామాన్లన్నీ సంచిలో సర్దింది. సంచి తనే భుజాన వేసుకుని, నా వైపు చూడకుండా అతని వెంట వెళ్ళిపోయింది.