రెండు నంబర్లు పెద్ద

ఎనిమిది లేకపోతే పది ఇస్తే ఏం పోతుంది, ముందు భాగంలో ఏదో కుక్కుకుంటే సరిపోతుంది, ఇరవై ఆరేళ్లుగా దేవరకొండ బస్టాండు పక్కన చెప్పుల దుకాణం నడుపుతున్న జుల్ఫికర్‌కు బూటు సంగతి ఇంకొకరు చెప్పాలా, అని తనలో తనే నవ్వుకుంటూ ఒక బూటు ముందు చేతిరుమాలు, ఇంకో బూటు ముందు మేజోళ్ల ఉండ దోపి, తాళ్లు బిగించి లేచాడు, ఇవాళ ఈ ఐసు మీద జారే రింకులో ఎవరిదో పుట్టినరోజు పార్టీ అట, ఎనిమిదో నంబరు జతలన్నీ వాళ్లే ఎత్తుకుపోయారు, పోనీ, నాలుగ్గంటలకు కూతురు మెహ్రీన్ వస్తుంది, నర్సింగు కాలేజీ హాస్టలు ఇక్కడికి అరగంట దూరమే, నువ్వు చూడాలె బిడ్డా, మీ అబ్బ ఐసు మీద ఒంటికాలితోని జారుతాండు అని ఫోన్లో చెబితే ఎప్పటిలాగే మూడే మాటలు, సరే, అబ్బా, వస్తా, ఆ మూడు మాటలతో ఇంకెన్నేళ్లు గడపాలి, చూస్తే నవ్వుతుంది, నవ్వితే మాట్లాడుతుంది, దాని కోసమే కదా సరుకుకు సిటీ వచ్చిన ప్రతి ఆదివారం ఈ చలిలో యాభై ఒక్కేళ్ల నడుము విరగ్గొట్టుకుంటున్నది.

మొదటి ఆదివారం పడటం నేర్పింది ఇక్కడి కోచ్ ప్రియాంక మేడం, మెహ్రీన్ కంటే నాలుగేళ్లు పెద్దదేమో, పక్కకు పడాలి అంకుల్, మోకాళ్ల మీదికి రావాలి, చేతులు మోకాలి మీద పెట్టి లేవాలి, రెండో ఆదివారం బాతు నడక, మూడో ఆదివారం రెండు కాళ్లూ బయటికి తోసి లోపలికి తెచ్చుకుంటే ఐసు మీద చేప బొమ్మ పడింది, నాలుగో ఆదివారం ఒక కాలెత్తి మూడు లెక్కపెట్టేదాకా జారాడు, ఇంటికి పోయి భార్య ఖాదర్‌బీ ముందు రొమ్ము విరుచుకుని, సూసినవా, పట్టు పడితే రానిదేముంది, నీ బిడ్డకు పట్టు లేకుండె గంతే, అంటే ఆమె రొట్టె తిప్పుతూ, నువ్వు ఐసు మీద నడుస్తున్నవ్ మంచిదే, అది ఇంట్ల మాట్లాడుతలేదు, గా సంగతి సూడు, అన్నది, చూస్తున్నా కదా, దాని కోసమే కదా, అని విసుక్కున్నాడు.

ఇదిగో ఇప్పుడు కుడికాలి మీద బరువు వేసి ఎడమకాలు ఎత్తగానే బూటు లోపల మడమ లేచింది, చీలమండ లోపలికి ఒరిగింది, పక్కకు పడాలన్న సంగతి గుర్తొచ్చేలోపే పడిపోయాడు, ఇదేమిటి, పోయిన వారం వచ్చింది ఈ వారం ఎటు పోయింది, లేచాడు, తాళ్లు ఇంకా బిగించాడు, మళ్లీ ఎత్తాడు, మళ్లీ అదే వంకర, పార్టీ పిల్లలు చూస్తున్నారు, మూడోసారి మోచేయి తగిలింది, ప్రియాంక జారుకుంటూ వచ్చి, అంకుల్ ఇది ఎన్నో నంబరు, పదో నంబరా, లోపల కాలు ఆడుతాంది సూడుండ్రి, గిట్లయితే ఎవ్వరు నిలబడరు, నేను గూడ నిలబడ, అన్నది, ఆ మాట, లోపల కాలు ఆడుతాంది, ఆ మాట తనకు తెలుసు.

అబ్బా, లోపల కాలు ఆడుతాంది, పదకొండేళ్ల మెహ్రీన్, ఇదే రింకు, ఇదే చలి, బడివాళ్లు విహారయాత్రకు తీసుకొస్తే కిరాయి బూట్లతో జారి, ఇంటికొచ్చి వారం రోజులు అదే ముచ్చట, తానెంత మురిసిపోయాడు, ఆదివారాలు ఇక్కడే పాఠాల్లో చేర్పించాడు, సిటీ అంతా తిరిగి సెకండ్ హ్యాండు జత కొన్నాడు, దానికి రెండో నంబరు సరిపోతుంది, తాను నాలుగు తెచ్చాడు, బడి బూట్లకు వచ్చే ప్రతి తల్లికీ చెప్పే మాటే, పెరిగే కాలమ్మా, రెండు నంబర్లు పెద్దది తీస్కో, ముంగట దూది పెట్టు, మూడేండ్లు ఫికర్ లేదు, తన దుకాణంలో అది మోసం కాదు, మంచితనం, ఊళ్లో సగం పిల్లలు అట్లాగే నడిచారు, సొంత బిడ్డకూ ఆ మంచితనమే చేశాడు, ప్రేమతోనే చేశాడు, అదే ఇప్పుడు గుండెలో గుచ్చుకుంటోంది, అప్పటి కోచ్, బూట్లు వదులున్నట్టున్నయి అన్నా, అంటే, నేను చెప్పుల యాపారంల ఉన్న సార్, నాకు చెప్తరా, అని అతని నోరు మూయించాడు, తోటి పిల్లలు వెనక్కి జారే పాఠంలోకి పోయినా మెహ్రీన్ ఇంకా రింకు చుట్టూ ఉన్న కమ్మీ పట్టుకునే ఉంది, ఆడేది కాలు కాదు బిడ్డా, నీ మనసు, భయపడుతున్నవ్, అన్నాడు, పరీక్ష రోజు ఒంటికాలి మీద మూడుసార్లు పడితే అందరి ముందు అరిచాడు, గింత భయం ఉన్నదానివి ఎందుకు అడిగినవ్, నేనైతే ఒక్క నెలల నేర్చుకుంట, యా అల్లా, ఎంత మాట అన్నాడు, బస్సులో అది కాళ్లు చున్నీ కింద దాచుకుని కూర్చుంది, మర్నాడు మడమల తోలు ఊడి కనిపిస్తే కూడా, బూటు కరిచింది గంతే, అని దుకాణానికి పోయాడు.

మళ్లీ అది ఐసు మాట ఎత్తలేదు, ఏ మాటా ఎత్తలేదు, ఇంటర్లో జ్వరంతో నాలుగు రోజులు కాలేజీకి పోయింది, టైఫాయిడు అని తేలాక దవాఖానలో డాక్టరు, ఇంట్ల ఎందుకు చెప్పలేదమ్మా, అని అడిగితే, చెప్తే భయమంటరు సార్, అన్నది, తాను పక్కనే నిలబడి నవ్వాడు, ఎంత గట్టి పిల్ల అని నవ్వాడు, థూ, ఆ నవ్వు.

కమ్మీ పట్టుకుని, పాకినట్టుగా బయటి బల్ల దాకా వచ్చి కూర్చునేసరికి మెహ్రీన్ ఎదురుగా నిలబడి ఉంది, ఎప్పుడొచ్చిందో, పడటం చూసిందో లేదో, బిడ్డా బూట్లు పెద్దగైనయి, అప్పుడు నీయి గూడ, అని మొదలుపెట్టాడు, ఇప్పుడంటుంది, నేను అప్పుడే చెప్పిన కదా అంటుంది, అంటే బాగుండు, తిట్టినా బాగుండు, అనుకుంటుంటే అది సంచి పక్కన పెట్టి కింద కూర్చుంది, తాళ్లు విప్పింది, బూటు మెల్లగా లాగింది, ఉండలు చుట్టిన మేజోళ్లు బయట పడ్డాయి, వాటిని ఒక్క క్షణం చూసి పక్కన పెట్టింది, మేజోడు తీసి ఆయన పాదం రెండు చేతుల్లోకి తీసుకుని, ఎక్కడ నొస్తాంది అబ్బా, అని అడిగింది, మడమ, అన్నాడు, అనగానే నమ్మింది, మడమ మీదే చెయ్యి వేసింది, భయపడ్డవా అనలేదు, ఇంకో మాట అడగలేదు, ఇరవై ఆరేళ్లలో ఎన్ని వేల పాదాలు పట్టుకున్నాడో, ఎన్ని బొటనవేళ్లు నొక్కి ఇది సరిపోతది అని తనే చెప్పాడో, ఎక్కడ నొస్తాంది అని మాత్రం ఎవరినీ అడగలేదు, ఈ పిల్లను ఒక్కనాడూ అడగలేదు.