మెట్ల మలుపులో మల్టీజిమ్

ఫోన్‌లో దొరబాబు పేరు వినగానే హమాలీ మేస్త్రీ జయపాల్‌కి ఒళ్లు మండిపోయింది. నిడదవోలులో ఇల్లు ఖాళీ చేసి రాజమండ్రిలో కొత్తింటికి వెళ్తున్నాడట, మేడ మీదున్న మల్టీజిమ్, అదే కసరత్తు యంత్రం, దింపి చేర్చాలట. ఇంకొకరైతే ఛీ అని ఫోన్ పెట్టేసేవారు. జయపాల్ మాత్రం "వస్తానండి, తప్పకుండా వస్తాను" అన్నాడు, ఎక్కడలేని మర్యాదతో.

రెండేళ్ల కిందట ఇదే మల్టీజిమ్‌ని ఇదే మేడ ఎక్కించడానికి జయపాల్ తమ్ముడు సాల్మన్ వెళ్లాడు. జయపాల్ ఆ వేళ రావులపాలెంలో అరటి లోడు మీద ఉన్నాడు. బరువు బిళ్లలన్నీ ఊడదీసి, ఫ్రేము వేరుగా ఎక్కిస్తామంటే దొరబాబు వినలేదు. వర్జ్యం వచ్చేస్తోంది, ఉన్నదున్నట్టు ఎక్కించెయ్యమని తరిమాడు. మలుపులో బిళ్లలు జారి, కింద పట్టుకున్న సాల్మన్ కాలు నుజ్జయింది. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఆ పెద్దమనిషి ఊరంతా ఏం చెప్పుకొచ్చాడూ? "తాగొచ్చాడండి, తూలి వదిలేశాడు" అని! జన్మలో కల్లు చుక్క ముట్టనివాణ్ణి పట్టుకుని! చర్చిలో పాట ఎత్తుకునే సాల్మన్, పక్కన కూర్చున్నవాళ్లు తన నోరు వాసన చూస్తున్నారని అటువైపు వెళ్లడమే మానేశాడు. ఆ అబద్ధాన్ని ఆ నోటితోనే కక్కించాలి. జయపాల్‌కి ఇంకేమీ అక్కర్లేదు.

గృహప్రవేశం నాడు పొద్దున్నే మనుషుల్ని తీసుకుని వెళ్లాడు. దొరబాబు అతన్ని ఎరగడు.

"బిళ్లలు తీసి, తీగలు విప్పి, దుప్పట్లు చుట్టి దింపుతామండి. గోడకీ మనిషికీ దెబ్బ తగలదు" అన్నాడు జయపాల్.

"నీ పాఠాలు తర్వాత చెబుదువు గానీ. వర్జ్యం వచ్చేలోగా బండి కదలాలి. చుట్టాలొచ్చేసరికి ఇది కొత్తింటి హాల్లో ఉండాలి. ఉన్నదున్నట్టు దింపెయ్!"

అదే మాట! ఒక మనిషి కాలు పోయినా బుద్ధి రాలేదు, చూడండి.

"అలాగేనండి" అన్నాడు జయపాల్. బిళ్లలు కదలకుండా బిగించి కట్టాడు. కింద ఒక్క మనిషిని కూడా నిలబడనివ్వలేదు. పైనుంచి తాళ్లతో మలుపు దాకా దింపించి, అక్కడ రెయిలింగుకి కట్టించి, అడుగున చెక్కలు దోపాడు. మిగిలిన సందులోంచి పనివాళ్లు ఒక్కొక్కరే కిందికి జారారు. ఆఖర్న తనూ జారాడు. వెనకాలే దొరబాబు దిగబోయాడు గానీ, ఏళ్ల తరబడి అద్దంలో చూసుకుని మురిసిన ఛాతీ కాస్తా సందులో ఇరుక్కుంది. మూలుగుతూ వెనక్కి లాక్కున్నాడు.

వీధిలో కారులో దొరబాబు భార్య, పేరు చిన్నమ్మాయి, దేవుడి పటం, పాలగిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దంపతులిద్దరూ కలిసి కుడికాలు పెట్టాలి మరి. ఆవిడొక్కత్తే వెళ్లి ఏం చేస్తుంది?

"ఏంటయ్యా ఆపేశావ్? కానివ్వు!" అని పైనుంచి అరిచాడు దొరబాబు.

"సాల్మన్ గుర్తున్నాడా అండి? వాడి అన్నయ్యని నేను. ఆ రోజు ఏం జరిగిందో చెప్పండి, అప్పుడు కదుపుతాను."

దొరబాబు మొహం మాడిపోయింది. "పోలీసులకి ఫోన్ చేస్తా!"

"చెయ్యండి. వాళ్లొచ్చేలోగా వర్జ్యం కూడా వచ్చేస్తుందండి."

ఇరుగుపొరుగు మెట్ల కింద గుమిగూడారు. చిన్నమ్మాయి కారు దిగొచ్చి, "ఏమండీ, ముహూర్తం దాటిపోతోంది! అదేదో చెప్పేసి రండి!" అని కేకేసింది. జయపాల్ తమ్ముడికి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి పైకెత్తాడు.

"వాడు తాగలేదు" అని గొణిగాడు దొరబాబు.

"వినపళ్లేదండి."

"తాగలేదయ్యా బాబూ! బిళ్లలు తీస్తామంటే నేనే తియ్యనివ్వలేదు! నేనే తొందరపెట్టాను! తప్పు నా మీదికి రాకుండా వాడి మీదికి తోసేశాను! చాలా?"

చిన్నమ్మాయి మొగుడి వైపు ఒకసారి చూసి, "ఎంత పని చేశారండీ" అని, వెళ్లి కారులో కూర్చుంది. జయపాల్ కడుపుమంట చల్లారింది. అబ్బ, ఎంత హాయిగా ఉందో!

"చెప్పాను కదా, తియ్యి!"

"తీస్తున్నామండి. ఈసారి పద్ధతిగా తీస్తాం."

పనివాళ్లు ఒక బిళ్ల ఊడదీశారు. దుప్పటి చుట్టారు. మోసుకెళ్లి వ్యానులో పెట్టారు. తాపీగా వచ్చి రెండోది ఊడదీశారు. దొరబాబు వాచీ చూసుకుంటూ పైమెట్టు మీద గంతులేస్తున్నాడు. ముహూర్తం దాటిపోయింది.

అప్పుడు ఫోన్‌లోంచి సాల్మన్ గొంతు వినిపించింది. "అన్నయ్యా, పెట్టెయ్యకు. అమ్మని పిలుస్తున్నా."

"అమ్మెందుకురా?"

"అమ్మ కూడా దొరబాబు మాటే నమ్మింది అన్నయ్యా. నీకు చెప్పలేదంతే."

జయపాల్ చేతిలో ఉన్న బిళ్లని మెట్టు మీద పెట్టేసి, పనివాళ్లని ఆగమన్నాడు. ఫోన్‌ని మళ్లీ పైకెత్తి పట్టుకున్నాడు.

"దొరబాబు గారూ, మా అమ్మ వింటోంది. మొదట్నుంచీ మళ్లీ చెప్పండి."